బడిలో కదిలే బొమ్మలు: చూడటం నుంచి చేయడం దాకా

బెంచీ మీద చింతగింజలు పేర్చాలి. కొంచెం జరిపి ఒక ఫోటో, మళ్ళీ జరిపి ఇంకో ఫోటో. సెకనుకు పది చొప్పున వంద ఫోటోలు తీసి వరసగా తిప్పితే పది సెకన్లపాటు గింజలు చీమల బారులా నడుస్తాయి. మూడో తరగతి పిల్లలకు ఇంతకు మించిన యానిమేషన్ అక్కర్లేదు. పైసా ఖర్చు లేని ఈ పని నల్లగొండ, పాలమూరు సర్కారు బడుల్లో రోజువారీ పాఠం ఎందుకు కాలేదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

పిల్లలకైతే ఇది కొత్త కాదు. నల్లగొండ జిల్లాలో నేను చదివిన బడిలో నోట్‌బుక్ మూలన పేజీకో పిట్టను గీసి గబగబా తిప్పేవాళ్ళం. పిట్ట ఎగిరేది. సారుకు దొరికితే బెత్తం పడేది. ఇలాంటి ఫ్లిప్‌బుక్‌కు 1868లోనే లిన్నెట్ అనే ఆయన ఇంగ్లండ్‌లో పేటెంట్ తీసుకున్నాడని చాలా ఏళ్ళకు తెలిసింది. అప్పుడే తెలిసుంటే ఆ సంగతి సారుకు చెప్పి ఇంకో దెబ్బ తినేవాణ్ణి.

బొమ్మల వరసతో కథ చెప్పడం తెలంగాణకు అంతకంటే పాతది. చేర్యాల నకాషీ పటం పొడవాటి బట్ట. దాని మీద కథంతా గడులు గడులుగా గీసి ఉంటుంది. కథకుడు ఒక్కో బొమ్మా చూపిస్తూ పాడేవాడు. ఇక మన దేశంలో తొలి ఫీచర్ సినిమా తీసిన ఫాల్కే, దానికి ముందు కుండీలో బఠాణీ గింజ మొలిచి మొక్క కావడాన్ని కెమెరాలో పట్టాడు. మన పరిసరాల విజ్ఞానంలో వచ్చే పాఠమే అది.

బడికి మాత్రం కదిలే బొమ్మ టీవీ రూపంలో వచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో సైట్ అనే ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్ళు. వాటిలో తెలంగాణ పల్లెలూ ఉన్నాయి. పది అడుగుల జాలీ డిష్ కింద ఊరికో టీవీ పెట్టి, ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు వేశారు. తర్వాత 1980ల్లో ఎన్టీఆర్ ప్రభుత్వం కోరితే బాపు, రమణలు ప్రాథమిక తరగతులకు వీడియో పాఠాలు తయారుచేశారు. ఆపైన ఉపగ్రహం ద్వారా పాఠాలు చెప్పే సర్కారు చానెల్ మన టీవీ, దాని తర్వాత టీ-శాట్. కరోనా కాలంలో 2020 సెప్టెంబర్ 1 నుంచి మూడో తరగతి మొదలు పదో తరగతి దాకా దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు. 2022 మార్చి 8న వనపర్తిలో మొదలైన సర్కారు బడుల బాగు పథకం 'మన ఊరు-మన బడి'లో డిజిటల్ క్లాసురూములు కూడా భాగంగా ఉండేవి.

తెర మారింది, సైజు మారింది. పిల్లల పని మాత్రం ప్రతిసారీ ఒకటే: కదలకుండా కూర్చుని చూడటం.

చేతులతో చేసే చదువు అసలు రాలేదని కాదు. 1980ల్లో బ్రిటన్ సాయంతో మొదలైన ప్రాథమిక విద్యా పథకం, ఏపెప్, పిల్లలు చేస్తూ నేర్చుకోవాలని, వాళ్ళ పనులు క్లాసులోనే ప్రదర్శించాలని చెప్పింది. గదిలో తాడు కట్టి బొమ్మలు వేలాడదీసే అలవాటు ఆ రోజులదే. కానీ తాడు మిగిలింది గానీ, దాని మీదికి మెల్లగా టీచర్ చేసిన చార్టులు ఎక్కాయి. టీఎల్‌ఎం (బోధన సామగ్రి) మేళాల్లోనూ ఎక్కువగా కనిపించేది టీచర్ల చేతిపనే. నాకు అసలు చిక్కు ఇక్కడే కనిపిస్తుంది. డబ్బు, కరెంటు ఆ తర్వాతి సంగతులు.

అడ్డంకులు లేవనను. ఫోన్ సారుది. హాజరు, మధ్యాహ్న భోజనం లెక్కలు, అప్‌లోడ్‌లు అన్నీ అందులోనే. వంద ఫోటోలంటే మెమరీ ఫుల్ అవుతుందని టెన్షన్. నలభై నిమిషాల పీరియడ్‌లో ఒకరు జరపాలి, ఒకరు నొక్కాలి, ఒకరు లెక్కపెట్టాలి, ఇంకొకరు చేయి అడ్డం పడిందేమో చూడాలి.

అందుకే శెనగ గింజతో మొదలుపెట్టడం తేలిక. ప్రార్థన అవగానే ఫోన్‌ను గోడ మీద అదే గుర్తు దగ్గర ఆనించి, రోజుకు రెండు ఫోటోలు. రెండు వారాలకు మొలక తెర మీద లేస్తుంది. ఆదివారం బడికి తాళం కాబట్టి, మధ్యలో ఒకచోట మొక్క ఉన్నట్టుండి ఎగిరి దూకుతుంది. ఎందుకలా దూకిందో పిల్లలే చెబుతారు.