నాటింగ్ హిల్ కార్నివాల్ వివాదం: పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నుంచి లండన్ దాకా

ఏటా ఆగస్టు చివరి సోమవారమూ దాని ముందు రోజు ఆదివారమూ పశ్చిమ లండన్‌లోని నాటింగ్ హిల్ వీధుల్లో జరిగే కార్నివాల్‌కు రెండు రోజుల్లో కలిపి దాదాపు 20 లక్షల మంది వస్తారని అంచనా. ఐరోపాలో జరిగే అతిపెద్ద వీధి ఉత్సవాల్లో ఒకటిగా పేరున్న ఈ కార్నివాల్ అసలు జరుగుతుందా అన్న సందేహం 2025 వేసవిలో తలెత్తింది. ఇరుకు వీధుల్లో జనం కిక్కిరిసి తొక్కిసలాట జరిగే ప్రమాదం ఉందని ఒక స్వతంత్ర భద్రతా సమీక్ష హెచ్చరించింది. శిక్షణ పొందిన స్టూవర్డ్‌లను (జనానికి దారి చూపే సిబ్బందిని) నియమించుకోవడానికి తక్షణం ప్రభుత్వ సాయం కావాలని నిర్వహణ సంస్థ అధ్యక్షుడు ఇయన్ కంఫర్ట్ సాంస్కృతిక శాఖ మంత్రి లీసా నాండీకి లేఖ రాశారు. చివరకు లండన్ మేయర్ కార్యాలయం, ఆ ప్రాంతాన్ని పాలించే కెన్సింగ్టన్ అండ్ చెల్సీ, వెస్ట్‌మినిస్టర్ కౌన్సిళ్లు కలిసి 9.58 లక్షల పౌండ్లు అదనంగా సమకూర్చడంతో ఉత్సవం యథావిధిగా జరిగింది. ఇదే ఉత్సవానికి పోలీసు బందోబస్తు ఖర్చు మాత్రం ఏటా కోటి పౌండ్లకు పైమాటే. కాపలాకు కోట్లు దొరికే చోట నిర్వహణకు లక్షలు దొరకడం ఇంత కష్టం కావడం ఒక్క ఏడాది లెక్కల్లో పుట్టిన సమస్య కాదు. ఆఫ్రికా మూలాలున్న ప్రజలు వీధిలో గుమిగూడినప్పుడు పాలకులు దాన్ని మొదట శాంతిభద్రతల సమస్యగా, ఆ తరువాతే సంస్కృతిగా చూసే అలవాటు చాలా పాతది. దాని మొదలు లండన్‌లో కాదు, కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లో ఉంది.

బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం 1834 ఆగస్టు 1న చట్టరీత్యా రద్దయింది; ఆ తరువాత నాలుగేళ్లు ‘అప్రెంటిస్‌షిప్’ పేరిట నిర్బంధ చాకిరీ సాగి, 1838లో గాని అసలైన విముక్తి రాలేదు. బానిసలను కోల్పోయిన యజమానులకు బ్రిటన్ 2 కోట్ల పౌండ్ల నష్టపరిహారం చెల్లించింది. విముక్తులైనవారికి ఒక్క పెన్నీ దక్కలేదు. అప్పటిదాకా ట్రినిడాడ్‌లోని ఫ్రెంచి తోటల యజమానులు తమ భవనాల్లో జరుపుకునే కార్నివాల్‌ను విముక్తులైన ఆఫ్రికన్లు వీధుల్లోకి తెచ్చారు. చెరకు తోటలకు నిప్పంటుకున్నప్పుడు బానిసలను కొరడాలతో తోలుకుపోయిన జ్ఞాపకాన్ని వారు కాగడాలు, డోళ్లు, కర్రసాముతో సాగే ‘కాంబులే’ ఊరేగింపుగా మార్చుకున్నారు. 1881లో ట్రినిడాడ్ రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో పోలీసు అధికారి కెప్టెన్ బేకర్ ఈ ఊరేగింపును అణచబోగా వీధి పోరాటం జరిగింది. 1884లో తెచ్చిన ఆంక్షలు డోళ్లనూ కాగడాలనూ కర్రసామునూ కట్టడి చేశాయి. అదే ఏడాది శాన్ ఫెర్నాండోలో హోసే ఊరేగింపుపై పోలీసులు కాల్పులు జరిపి పలువురిని చంపారు. హోసే అంటే మన పీర్ల పండుగే. 1845 నుంచి చెరకు తోటలకు కూలి ఒప్పందాల మీద వెళ్లిన భారతీయులు దాన్ని వెంట తీసుకువెళ్లారు. మద్రాసు రేవులో ఓడలెక్కినవారిలో తెలుగువారూ ఉన్నారు. ఆఫ్రికన్ల పండుగకూ భారతీయుల పండుగకూ వలస పాలన చూపిన ముఖం ఒక్కటే.

డోలు నిషేధం తరువాత జనం వెదురు బొంగులను నేలకు కొట్టి వాయించారు. 1930లు, 1940ల్లో బిస్కెట్ డబ్బాలు, పెయింటు డబ్బాలు, చివరకు నూనె పీపాలు వాద్యాలయ్యాయి. స్టీల్‌పాన్ పుట్టింది అలాగే. 1951లో ట్రినిడాడ్ నుంచి వచ్చిన ఒక స్టీల్ బృందం ‘ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్’ సందర్భంగా లండన్‌లో వాయించినప్పుడు, నగరవాసుల్లో చాలామంది ఆ ధ్వనిని వినడం అదే మొదటిసారి.

అప్పటికే లండన్ అర్ధ శతాబ్దంగా ఆఫ్రికా సంతతి రాజకీయాలకు కేంద్రంగా ఉంది. 1900 జులైలో ట్రినిడాడ్‌కు చెందిన హెన్రీ సిల్వెస్టర్ విలియమ్స్ వెస్ట్‌మినిస్టర్ టౌన్ హాల్‌లో ప్రపంచవ్యాప్తంగా ఉన్న ఆఫ్రికా సంతతిని ఒక్కటి చేసే మొదటి పాన్ ఆఫ్రికన్ సమావేశాన్ని నిర్వహించాడు. ఇరవయ్యో శతాబ్దపు సమస్య వర్ణరేఖ (జాతుల మధ్య గీసిన గీత) సమస్యేనన్న అమెరికన్ నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ మాట ఆ సమావేశపు విజ్ఞప్తిలో ఉంది. 1925లో లాడిపో సోలాంకే తదితరులు స్థాపించిన పశ్చిమాఫ్రికా విద్యార్థి సంఘంలో తరువాతి కాలంలో ఘనా నాయకుడైన క్వామే న్క్రుమా కూడా పనిచేశాడు. అయితే ఇవన్నీ సభామందిరాల్లో, విద్యార్థి వసతి గృహాల్లో జరిగిన పనులు. వీధి మీద హక్కు ప్రశ్నగా మారడానికి పెద్ద సంఖ్యలో శ్రామికులు రావలసి వచ్చింది.

1948 జూన్ 22న కరీబియన్ దీవుల నుంచి వచ్చినవారిని టిల్బరీ రేవులో దించిన ‘ఎంపైర్ విండ్‌రష్’ ఓడ ఆ రాకకు గుర్తుగా నిలిచింది. వచ్చినవారిలో బస లేనివారిని క్లాపం సౌత్‌లోని యుద్ధకాలపు భూగర్భ ఆశ్రయంలో ఉంచారు. దగ్గరలో ఉన్న ఉపాధి కార్యాలయం బ్రిక్స్‌టన్‌లో ఉండడం వల్ల చాలామంది అక్కడే స్థిరపడ్డారు. నాటింగ్ హిల్‌కు చేరినవారి పరిస్థితి ఇంకా కష్టంగా ఉండేది. అద్దె ఇళ్ల ప్రకటనల్లో నల్లవారికి ఇవ్వబోమని బాహాటంగా రాసేవారు. ఇచ్చిన ఇళ్లేమో పీటర్ రాక్‌మన్ వంటి యజమానుల చేతుల్లోని శిథిల భవనాలు, హెచ్చు అద్దెలు. బ్యాంకులు అప్పు ఇవ్వకపోవడంతో కరీబియన్లు ‘పార్డ్‌నర్’ మీద ఆధారపడ్డారు. మన చీటీ పాట లాగే పదిమంది వారం వారం డబ్బు వేసి, వంతుల వారీగా మొత్తం ఒకరికి ఇచ్చే పద్ధతి అది, పాట మాత్రం ఉండదు. లండన్‌లో తొలి తరం కరీబియన్ కుటుంబాలు ఇళ్లు కొనుక్కున్నదీ చిన్న దుకాణాలు పెట్టుకున్నదీ చాలావరకు ఆ డబ్బుతోనే. నగర ఆర్థిక చరిత్రల్లో పార్డ్‌నర్‌కు దక్కవలసినంత చోటు దక్కలేదని నా అభిప్రాయం.

1958 ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా తెల్లజాతి యువకుల గుంపులు నాటింగ్ హిల్‌లో కరీబియన్ల ఇళ్ల మీద దాడులు చేశాయి. బయట తిరగడమే ప్రమాదమైన ఆ రోజుల తరువాత, ఈ జనానికి ఒక కార్నివాల్ కావాలని తలచిన వ్యక్తి క్లాడియా జోన్స్. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో 1915లో పుట్టి న్యూయార్క్‌లో పెరిగిన ఆమెను కమ్యూనిస్టు కార్యకలాపాల నేరం మోపి అమెరికా జైలులో పెట్టి, 1955లో బ్రిటన్‌కు పంపించివేసింది. 1958 మార్చిలో ఆమె బ్రిక్స్‌టన్ రోడ్డులో ఒక రికార్డుల దుకాణం పైగదుల నుంచి ‘వెస్ట్ ఇండియన్ గెజెట్’ పత్రికను ప్రారంభించింది. దాడులు జరిగిన ఐదు నెలలకు, 1959 జనవరి 30న, సెయింట్ పాంక్రాస్ టౌన్ హాల్‌లో తొలి కార్నివాల్ నిర్వహించింది. (భారత స్వాతంత్ర్యం కోసం లండన్‌లో దశాబ్దాలు పనిచేసిన వి.కె. కృష్ణ మీనన్ అంతకుముందు కౌన్సిలర్‌గా ఉన్నది ఈ సెయింట్ పాంక్రాస్‌లోనే.) చలికాలం కాబట్టి నాలుగు గోడల మధ్య జరిగిన ఆ వేడుకను బీబీసీ ప్రసారం చేసింది. ప్రజల కళలోనే వారి స్వేచ్ఛ మొదలవుతుందన్న భావంతో కూడిన వాక్యం ఆ కార్యక్రమ పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం అమ్మకంతో వచ్చే ఆదాయంలో కొంత భాగం అల్లర్ల కేసుల్లో పడిన యువకుల జరిమానాలు కట్టడానికి కేటాయిస్తామని, వారిలో నల్లవారూ తెల్లవారూ ఉంటారని అదే పుస్తకంలో రాశారు. దెబ్బతిన్న పక్షం నుంచి వచ్చిన ఈ మాటను మరచిపోయి కార్నివాల్ గురించి మాట్లాడడం అన్యాయం.

అదే ఏడాది మే 17న అంటిగ్వా నుంచి వచ్చిన కెల్సో కోక్రేన్ అనే వడ్రంగిని తెల్లజాతి యువకులు నాటింగ్ హిల్ వీధిలో పొడిచి చంపారు. వెయ్యి మందికి పైగా అంత్యక్రియలకు వచ్చారు. ఆ హత్యకు ఎవరికీ శిక్ష పడలేదు. క్లాడియా జోన్స్ 1964 డిసెంబరులో మరణించేదాకా ఏటా ఏదో ఒక హాలులో కార్నివాల్ జరిపించింది. ఆమె సమాధి హైగేట్ శ్మశానంలో కార్ల్ మార్క్స్ సమాధి పక్కన ఉంది.

వీధి కార్నివాల్ మరో దారిలో వచ్చింది. 1966లో రోన్ లాస్లెట్ అనే సామాజిక కార్యకర్త నాటింగ్ హిల్ పిల్లల కోసం, అక్కడ కలిసి బతుకుతున్న ఐరిష్, ఉక్రేనియన్, కరీబియన్, ఆఫ్రికన్ కుటుంబాల కోసం ఒక వీధి సంబరం తలపెట్టింది. నైజీరియాకు చెందిన జింజర్ జాన్సన్ బృందం డోళ్లు వాయించింది. ట్రినిడాడ్‌కు చెందిన రస్సెల్ హెండర్సన్ తన స్టీల్‌పాన్ బృందంతో నిలుచున్నచోటే వాయించక వీధి వెంట నడక సాగించాడు. ఇళ్లలోని కరీబియన్లు బయటికి వచ్చి వెంట నడిచారు. దారి ముందుగా నిర్ణయించినది కాదు. కార్నివాల్ స్థాపకులు ఎవరన్న చర్చ ఇప్పటికీ నడుస్తోంది గాని, క్లాడియా జోన్స్ ఇచ్చిన ఉద్దేశం, లాస్లెట్ తెరిచిన వీధి, హెండర్సన్ వేసిన అడుగు, వీటిలో ఏది లేకున్నా ఈ ఉత్సవం లేదు.

1973 నుంచి 1975 వరకు నిర్వహణ చూసిన ట్రినిడాడ్ ఉపాధ్యాయుడు లెస్లీ పామర్ దాన్ని నేటి రూపానికి తెచ్చాడు. వేషధారులతో కూడిన ‘మాస్’ బృందాలను పెంచాడు, ప్రాయోజకులను తెచ్చాడు, స్టాళ్లకు చోటు ఇచ్చాడు. అన్నిటికంటే ముఖ్యంగా, జమైకన్ యువత రెగే సంగీతం వినే సౌండ్ సిస్టమ్‌లను (భారీ స్పీకర్ల వరుసలను) వీధి మూలల్లో నిలిపాడు. దానితో ట్రినిడాడ్ పండుగ మొత్తం కరీబియన్ల పండుగ అయింది, లండన్‌లోనే పుట్టి పెరిగిన రెండో తరం అందులోకి వచ్చింది. జనం లక్షలకు పెరిగారు.

ఆ రెండో తరానికీ పోలీసులకూ అప్పటికే పొసగడం లేదు. అనుమానం మీద ఎవరినైనా అరెస్టు చేయడానికి వీలిచ్చే 1824 నాటి వాగ్రన్సీ చట్టాన్ని నల్లజాతి యువకుల మీద విరివిగా ప్రయోగించేవారు. నాటింగ్ హిల్‌లోని ఆల్ సెయింట్స్ రోడ్డులో ఫ్రాంక్ క్రిచ్‌లో 1968లో తెరిచిన ‘మాంగ్రోవ్’ రెస్టారెంట్‌పై పోలీసులు ఏడాదిన్నరలో 12 సార్లు సోదాలు జరిపారు. దానికి నిరసనగా 1970 ఆగస్టు 9న జరిగిన ఊరేగింపుపై పెట్టిన కేసులో తొమ్మిది మంది ఓల్డ్ బెయిలీ కోర్టులో 55 రోజులు విచారణ ఎదుర్కొన్నారు. డార్కస్ హౌ, అల్తియా జోన్స్-లెకాయింట్ తమ కేసును తామే వాదించుకున్నారు. అల్లర్లకు పాల్పడ్డారన్న ప్రధాన అభియోగం నుంచి తొమ్మండుగురూ బయటపడ్డారు. పోలీసుల్లో జాతి ద్వేషం ఉందన్న సంగతిని న్యాయమూర్తి తొలిసారి బాహాటంగా గుర్తించవలసి వచ్చింది. మాంగ్రోవ్ కేవలం భోజనశాల కాదు. న్యాయ సలహా దొరికే చోటు, కార్నివాల్ బృందాలు తయారయ్యే చోటు కూడా. వ్యాపారం, రాజకీయం, పండుగ అక్కడ వేరువేరు పనులుగా లేవు.

ఈ నేపథ్యంలో 1976 కార్నివాల్‌కు దాదాపు 3,000 మంది పోలీసులను దింపారు. అంతకుముందు ఏడాది కంటే అది ఎన్నో రెట్లు ఎక్కువ. సోమవారం సాయంత్రం ఒక అరెస్టు దగ్గర మొదలైన ఘర్షణలో వందమందికి పైగా పోలీసులు, పదుల సంఖ్యలో ఉత్సవానికి వచ్చినవారు ఆస్పత్రి పాలయ్యారు. కార్నివాల్‌ను నిషేధించాలని, లేదంటే ఏదైనా స్టేడియంలోకి మార్చాలని డిమాండ్లు వచ్చాయి. నేడు వినిపించే వాదనలన్నీ దాదాపు అప్పుడే రూపుదిద్దుకున్నాయి. కాబట్టి వివాదాన్ని అర్థం చేసుకోవడానికి, ఉత్సవ రోజుల దాడుల్లో ఇద్దరు మరణించిన 2024 కంటే 1976 ముఖ్యమైన సంవత్సరం.

1981 జనవరి 18న న్యూ క్రాస్‌లో ఒక ఇంట్లో పుట్టినరోజు వేడుకలో మంటలు చెలరేగి 13 మంది నల్లజాతి యువతీయువకులు మరణించారు. అధికారుల మౌనానికి నిరసనగా మార్చి 2న, పనిదినమైన సోమవారం, దాదాపు 20 వేల మంది న్యూ క్రాస్ నుంచి హైడ్ పార్క్ దాకా నడిచారు. బ్రిటన్‌లో నల్లజాతీయులు అంతవరకు జరిపిన ప్రదర్శనల్లో అదే పెద్దది. ఏప్రిల్‌లో నల్లజాతి యువతకూ పోలీసులకూ మధ్య ఘర్షణలతో బ్రిక్స్‌టన్ భగ్గుమంది. అనుమానపు అరెస్టుల నిబంధన అదే ఏడాది రద్దయింది.

ఈ పదేళ్లలోనే వ్యాపార, ప్రచురణ రంగాలూ పెరిగాయి. టాటెన్‌హామ్‌లో జుట్టు సంరక్షణ సామగ్రి అమ్మిన ‘డైక్ అండ్ డ్రైడెన్’ బ్రిటన్‌లో నల్లజాతీయులు నెలకొల్పిన తొలి పెద్ద వ్యాపార సంస్థల్లో ఒకటి. వాల్ మెకల్లా స్థాపించిన ‘ది వాయిస్’ పత్రిక తొలి సంచిక 1982 ఆగస్టులో కార్నివాల్ సమయానికే వెలువడింది. కొనేవారంతా ఒక్కచోట ఉండేది అప్పుడే మరి. 1987 అక్టోబరులో ఘనాకు చెందిన అక్యాబా అడ్డై-సెబో చొరవతో లండన్‌లో ‘బ్లాక్ హిస్టరీ మంత్’ (నల్లజాతి చరిత్ర మాసం) మొదలైంది.

కార్నివాల్ మాత్రం ఒక్క స్థిరమైన ఆదాయ మార్గం లేకుండానే పెద్దదైంది. ప్రవేశ రుసుము ఉండదు, ఉండకూడదన్నది మొదటి నుంచీ ఉన్న విలువ. స్టాళ్ల ఫీజులు, ప్రాయోజకులు, కౌన్సిళ్ల గ్రాంట్లతో నడిచే నిర్వహణ సంస్థలు మారుతూ వచ్చాయి. బృందాలవారు నెలల తరబడి వేషాలు కుట్టేది చాలావరకు సొంత డబ్బుతోనే. నగర అభివృద్ధి సంస్థ జరిపించిన అధ్యయనం 2000ల తొలినాళ్లలోనే ఈ రెండు రోజులు లండన్ ఆర్థిక వ్యవస్థకు 9.3 కోట్ల పౌండ్లు తెస్తున్నాయని లెక్కగట్టింది. ఆ సొమ్ము హోటళ్లకు, రవాణాకు, మద్యం దుకాణాలకు చేరుతుంది గాని వేషం కుట్టినవారికి చేరదు.

ఇంతలో నాటింగ్ హిల్ మారిపోయింది. రాక్‌మన్ నాటి శిథిల భవనాలు నేడు లక్షల పౌండ్ల ఇళ్లు. పండుగ రోజుల్లో వాటి యజమానులు చాలామంది కిటికీలకు చెక్కలు బిగించి ఊరు విడిచి వెళతారు. అదే పరగణా ఉత్తర కొసన ఉన్న గ్రెన్‌ఫెల్ టవర్ అనే నివాస భవనంలో 2017 జూన్ 14న మంటల్లో 72 మంది చనిపోయారు. ఆ ఏటి నుంచి కార్నివాల్ మధ్యలో సంగీతం ఆపి వారిని స్మరించుకుంటున్నారు. నగరంలోని ఆఫ్రికా సంతతి కూడా మారింది. 2021 జనగణనలో లండన్ జనాభాలో తమను నల్లజాతి ఆఫ్రికన్లుగా చెప్పుకున్నవారు 7.9 శాతం, కరీబియన్లుగా చెప్పుకున్నవారు 3.9 శాతం. దక్షిణ లండన్‌లోని పెకం మార్కెట్లలో ఇప్పుడు నైజీరియా భాష యోరుబా కూడా వినిపిస్తుంది. కార్నివాల్ సౌండ్ సిస్టమ్‌ల మీద పశ్చిమాఫ్రికా పాప్ సంగీతం ఆఫ్రోబీట్స్ వినిపించడమూ సహజమైపోయింది.

2020, 2021ల్లో కోవిడ్ వల్ల ఉత్సవం ఇంటర్నెట్‌కే పరిమితమైంది. తిరిగి వీధికి వచ్చాక జనం ఒత్తిడి పెరిగింది. 2024లో ఉత్సవ రోజుల్లో జరిగిన దాడుల్లో ఇద్దరు ప్రాణాలు కోల్పోవడంతో పత్రికల్లో చర్చంతా నేరాల చుట్టూ తిరిగింది. తమకు అంతకంటే ఆందోళన కలిగిస్తున్నది తొక్కిసలాట ముప్పు అని పోలీసు ఉన్నతాధికారులే చెప్పారు. ఆ మరణాల బాధను తక్కువ చేయకుండానే ఈ మాటను గట్టిగా పట్టుకోవాలి. తొక్కిసలాటను ఆపగలిగేది అరెస్టులు కావు. ముందుగా వేసుకున్న దారులు, కూడళ్ల వద్ద జనసాంద్రతను గమనించే కెమెరాలు, జనాన్ని మళ్లించడం తెలిసిన స్టూవర్డ్‌లు. 2025లో కౌన్సిళ్లు, మేయర్ కార్యాలయం ఇచ్చిన సొమ్ము ఆ పనులకే, అదీ ఆ ఏటి ఉత్సవానికే. దాదాపు 7,000 మంది పోలీసుల మోహరింపుకు ప్రతి ఏటా బడ్జెట్‌లో చోటు ఉన్నట్టే స్టూవర్డ్‌లకూ ప్రణాళికకూ కొన్నేళ్ల ముందుచూపుతో నిధులు కేటాయిస్తారా అన్నది నిర్వాహకులకూ ప్రభుత్వానికీ మధ్య ఇప్పుడు తేలవలసిన విషయం.