తీవ్రమైన ఎగ్జిమాకు కొత్త మందులు: అపోహలు, వాస్తవాలు

ఒళ్లంతా పొట్టు రేగి, రసి కారి, రాత్రంతా గోక్కుంటూ కూర్చోబెట్టే అటోపిక్ డెర్మటైటిస్ అనే ఎగ్జిమా గురించి రాస్తున్నాను. మోచేతి మడతలో రూపాయి బిళ్లంత మచ్చ ఉన్నవాళ్లకు ఇక్కడ చెప్పే మందులేవీ అక్కర్లేదు. మాయిశ్చరైజరు, సరైన పూతమందు చాలు. పూతలు పద్ధతిగా వాడినా లొంగనివాళ్లు మాత్రం గదిలోకి వస్తూనే "వీటిలో ఏది బెస్టు సార్?" అంటారు. మనిషిని చూడకుండా ఆ ప్రశ్నకు ఒక్క పేరు చెప్పే డాక్టరును నేనైతే నమ్మను.

అపోహ: చర్మానికి ఇచ్చే ఇంజెక్షన్ అంటే స్టెరాయిడే.

ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. దురద అని వెళ్తే తుంటికి ట్రయామ్‌సినొలోన్ అనే స్టెరాయిడ్ పొడిచి పంపడం మన ఊళ్లలో ఏళ్లుగా ఉన్నదే. కొన్ని వారాలు హాయిగా ఉంటుంది, ఆ తర్వాత దురద తిరగబెడుతుంది, మళ్లీ ఇంజెక్షన్. ఈలోగా షుగరు, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి, పిల్లలైతే ఎదుగుదల దెబ్బతింటుంది.

డుపిలుమాబ్ ఆ జాతి మందు కాదు. ఎగ్జిమాను రగిలించే ఐఎల్-4, ఐఎల్-13 అనే సంకేతాలు కణం మీద వచ్చి వాలే చోటును మూసేసే యాంటీబాడీ అది. పెద్దవాళ్లకు మొదట 600 మిల్లీగ్రాములు, తర్వాత రెండు వారాలకోసారి 300. అమెరికాలో 2017 మార్చిలో అనుమతి వచ్చింది. ట్రాలోకినుమాబ్, లెబ్రికిజుమాబ్ ఐఎల్-13 ఒక్కదాన్నే పట్టుకుంటాయి. నెమోలిజుమాబ్ గురి దురద సంకేతమైన ఐఎల్-31 మీద. వీటిలో ఏదీ స్టెరాయిడ్ కాదు. డుపిలుమాబ్‌తో నేను ముందే చెప్పి ఉంచేది కళ్ల సంగతి. కళ్లు ఎర్రబడి మండటం ట్రయల్స్‌లో దాదాపు పదిమందిలో ఒకరికి కనిపించింది. చాలామందికి చుక్కల మందుతో సర్దుకుంటుంది, మందు ఆపాల్సి రావడం అరుదు.

అపోహ: ఎక్కువ శాతం మందికి తగ్గించిన మందే మంచి మందు.

ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఇంటర్నెట్‌లో తిరిగే పోలికల పట్టికలన్నీ ఇక్కడే తప్పుదోవ పట్టిస్తాయి. డుపిలుమాబ్ మీద సోలో అనే పేరుతో జరిగిన రెండు ట్రయల్స్‌లో, 16 వారాలకు తీవ్రత కనీసం 75 శాతం తగ్గినవాళ్లు సుమారు 51, 44 శాతం. ఉపాడాసిటినిబ్ 30 మిల్లీగ్రాముల మాత్రతో జరిగిన మెజర్ అప్ ట్రయల్స్‌లో 80, 73 శాతం. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రే గెలిచినట్టు ఉంటుంది. కానీ చేరిన రోగులు వేరు, ట్రయల్ నియమాలు వేరు, కాలం వేరు. వేర్వేరు ట్రయల్స్ అంకెలను అలా పక్కన పెట్టి తీర్పు చెప్పకూడదు.

నిజమైన పోలిక కావాలంటే ఒకే ట్రయల్‌లో రెండు మందులూ ఇచ్చి చూడాలి. అదీ జరిగింది. హెడ్స్ అప్ అనే ట్రయల్‌లో తీవ్రత కనీసం 75 శాతం తగ్గినవాళ్లు ఉపాడాసిటినిబ్ 30 మిల్లీగ్రాములకు 71 శాతం, డుపిలుమాబ్‌కు 61 శాతం, 16 వారాలప్పుడు. 24వ వారానికి ఆ తేడా ఇంకా తగ్గింది. జేడ్ డేర్ ట్రయల్‌లో అబ్రోసిటినిబ్ అనే మరో మాత్ర 200 మిల్లీగ్రాములు వాడినవాళ్లలో రెండో వారానికే 48 శాతం మందికి దురద బాగా తగ్గితే, డుపిలుమాబ్ వాడినవాళ్లలో 26 శాతం మందికే తగ్గింది. అంటే మాత్రలు ముందు పరిగెత్తుతాయి, ఇంజెక్షన్ నెమ్మదిగా అందుకుంటుంది. వారం రోజులుగా నిద్రలేని మనిషికి ఆ వేగం చాలా పెద్ద విషయం, కాదనను. అయితే అదే హెడ్స్ అప్‌లో మాత్ర వాడిన గుంపులో ఒకరు ఫ్లూతో వచ్చిన న్యుమోనియాతో చనిపోయారు. పట్టికల్లో ఇది కనిపించదు.

అపోహ: మాత్రే కదా, ఇంజెక్షన్ కంటే తేలిక.

మింగడం తేలిక, అంతవరకే. ఒక ఇంటి ఫ్యూజు పీకడం వేరు, వీధి ట్రాన్స్‌ఫార్మర్ ఆపడం వేరు. ఉపాడాసిటినిబ్, అబ్రోసిటినిబ్ లాంటి జాక్ ఇన్హిబిటర్లు రెండోరకం. కణం లోపల ఎన్నో సంకేతాలను మోసే జాక్ ఎంజైములను అవి అణచివేస్తాయి కాబట్టి ఎగ్జిమా వేగంగా చల్లబడుతుంది. ఇన్ఫెక్షన్లను ఆపే సంకేతాల్లో కొన్ని కూడా ఆ దారినే పోతాయి.

అందుకే మొదలుపెట్టేముందు క్షయ పరీక్ష తప్పనిసరి. మన దేశంలో పైకి ఏ లక్షణమూ లేకుండా ఒంట్లో క్షయ దాగున్నవాళ్లు కోకొల్లలు. ఎక్స్‌రే, క్షయ రక్తపరీక్ష, హెపటైటిస్ బి, సి, రక్తకణాల లెక్క, లివరు, కొలెస్ట్రాల్ చూస్తాం, తర్వాత కూడా మధ్యమధ్యలో చూస్తూనే ఉంటాం. అక్కి వచ్చే అవకాశం పెరుగుతుంది. గర్భం దాల్చాలనుకునేవాళ్లకు ఇవ్వం. డుపిలుమాబ్‌కు ఈ రక్తపరీక్షల తంతు లేదు. నులిపురుగులుంటే ముందు వాటికి మందు వేసి మొదలుపెడతాం. రెండు రకాల్లో దేనికైనా, బలహీనపరిచిన బతికున్న క్రిములతో చేసే లైవ్ టీకాలు వేయించుకోవాల్సి ఉంటే మందుకు ముందే వేయించుకోవాలి.

ఇక గుండెపోటు భయం. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021 సెప్టెంబరులో జాక్ మందుల సమాచార పత్రాల్లో గట్టి హెచ్చరిక పెట్టించింది: తీవ్రమైన ఇన్ఫెక్షన్లు, గుండెపోటు, పక్షవాతం, రక్తం గడ్డకట్టడం, క్యాన్సర్. దాని వెనకున్న ట్రయల్ టోఫాసిటినిబ్ అనే మరో మందు మీద జరిగింది. అందులో ఉన్నవాళ్లు 50 దాటి, గుండెజబ్బు ముప్పు ఒకటైనా ఉన్న కీళ్లవాతం రోగులు. కాబట్టి ఏ అలవాటూ లేని 22 ఏళ్ల కుర్రాడికి ఆ ముప్పు అంతే ఉంటుందని భయపడక్కర్లేదు. 58 ఏళ్ల వయసు, సిగరెట్లు, బీపీ ఉన్నాయన వస్తే మాత్రం నా చేయి ఆ చీటీ రాయదు.

టోఫాసిటినిబ్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. చవగ్గా జెనరిక్ దొరుకుతుంది, అదీ జాక్ మందే, కాబట్టి అదే వాడితే పోలేదా అని చాలామంది అంటారు. పైన చెప్పిన హెచ్చరికకు మూలం ఆ మందే. ఎగ్జిమాకు దానికి అనుమతీ లేదు. మందుల షాపులో అడిగి తెచ్చుకుని మింగే మాత్ర అసలే కాదు.

అపోహ: కొత్తవి వచ్చాక పాత మందులకు పనిలేదు.

డుపిలుమాబ్ ఖర్చు నెలకు పదుల వేలల్లో ఉంటుంది. ఇన్సూరెన్స్ అన్నిసార్లూ ఒప్పుకోదు. అలాంటప్పుడు సైక్లోస్పోరిన్, మెథోట్రెక్సేట్ అనే రెండు పాత కాపులు ఇప్పటికీ మన చేతిలో ఉన్నాయి. బ్రిటన్, ఐర్లండ్‌లలో 103 మంది పిల్లల మీద ఈ రెంటినీ పోల్చిన ట్రీట్ అనే ట్రయల్ ఫలితాలు 2023లో వచ్చాయి. సైక్లోస్పోరిన్ త్వరగా తగ్గించింది. మందు ఆపాక ఎక్కువకాలం అదుపులో ఉంచింది మెథోట్రెక్సేట్. సైక్లోస్పోరిన్‌కు బీపీ, కిడ్నీ మీద కన్నేసి ఉంచాలి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. వారంలో ఏ రోజో ఇంట్లో అందరికీ తెలిసేలా క్యాలెండరు మీద రాసి పెట్టండి.

అపోహ: ఇలాంటివి పిల్లలకు ఇవ్వకూడదు.

డుపిలుమాబ్‌ను ఆరు నెలల పసివాళ్ల నుంచీ వాడటానికి అమెరికాలో 2022 జూన్‌లో అనుమతి వచ్చింది. ఉపాడాసిటినిబ్, అబ్రోసిటినిబ్ 12 ఏళ్లు దాటాకే. ఆస్తమా కూడా ఉన్న పిల్లాడైతే డుపిలుమాబ్ వైపు మొగ్గుతాను, ఎందుకంటే అది ఆస్తమాకూ మందే.

అపోహ: చీటీ మీద ఎగ్జిమా అని ఉంది కాబట్టి అది ఎగ్జిమానే.

నన్నడిగితే అన్నింటికంటే ఖరీదైన అపోహ ఇదే. ఇంట్లో మరో ఇద్దరు కూడా గోక్కుంటుంటే అది గజ్జి కావచ్చు. ముఖం, మెడ, కనురెప్పల మీద మొదలై, పొలం వెళ్లొచ్చినప్పుడల్లా ముదురుతుంటే వయ్యారిభామ పుప్పొడిని, ఎండు ముక్కలను అనుమానించాలి. అరవైలో మొదటిసారి వచ్చి దేనికీ లొంగని "ఎగ్జిమా"కు బయాప్సీ చేయాలి. చర్మపు లింఫోమా అనే క్యాన్సర్ మొదట్లో అచ్చం ఇలాగే ఉంటుంది. అలాంటివాళ్లకు డుపిలుమాబ్ మొదలుపెట్టాక అసలు జబ్బు బయటపడిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. వయ్యారిభామ ఎలర్జీ అయితే చాలామందికి అజాథయోప్రిన్ లాంటి పాత మాత్రతోనే పని జరుగుతుంది.

అపోహ: వంకాయ, గోంగూర, చేపలు మానేస్తే చాలు.

చాలదు. తిన్న గంటలోపే దద్దుర్లు వచ్చే పదార్థం ఉంటే అది వేరే సంగతి. తీవ్రమైన ఎగ్జిమా ఉన్న పిల్లాడికి గుడ్డూ పాలూ చేపా అన్నీ మాన్పించి సగం బరువుతో తీసుకొస్తుంటారు.

అపోహ: ఒకసారి మొదలుపెడితే జీవితాంతం.

లెబ్రికిజుమాబ్ ట్రయల్స్‌లో 16 వారాలకు బాగా తగ్గినవాళ్లలో కొందరికి మందు ఆపి, ఏడాది వరకు చూశారు. ఆపినవాళ్లలో 48 శాతం మందికి చర్మం దాదాపు శుభ్రంగానే నిలిచింది. నెలకోసారి వేయించుకుంటూ వచ్చినవాళ్లలో 77 శాతం. అంటే ఆపితే అందరికీ తిరగబెట్టదు, అందరికీ నిలవదు కూడా. ఏడాదిపాటు చర్మం శుభ్రంగా ఉంటే ఇంజెక్షన్ల మధ్య ఎడం పెంచి చూడటం గురించి మీ డాక్టరుతో మాట్లాడొచ్చు. జాక్ మాత్రలు ఆపితే చాలామందికి కొద్ది వారాల్లోనే దురద తిరిగొస్తుంది. ప్రయాణంలో మాత్రలు అయిపోకుండా చూసుకోండి.

ప్రయాణమంటే ఇంకోటి గుర్తొచ్చింది. అమెరికాలో ఉన్న అమ్మాయి డుపిలుమాబ్ ఇంజెక్షన్ పెన్నులు సూట్‌కేసులో పెట్టుకుని మే నెలలో విజయవాడ దిగుతుంది. ఆ మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. బయట 25 డిగ్రీల లోపైతే 14 రోజులు ఆగుతుంది. మన మే నెలలో ఇంట్లోనే 35 దాటుతుంది. కూలింగ్ పౌచ్‌లో, చేతి సంచీలో తెచ్చుకుని, దిగగానే ఫ్రిజ్ మధ్య అరలో పెట్టాలి. డీప్ ఫ్రీజర్‌లోనూ కాదు, తలుపు అరలోనూ కాదు.