కెమెరా విభాగంలో ఆడవాళ్లు: గొడవంతా యూనియన్ కార్డు దగ్గరే

సినిమా రంగంలో ఆడవాళ్ల పరిస్థితి మీద తెలంగాణ ప్రభుత్వం వేసిన కమిటీ మాట ఎత్తితే చాలు, పాత వాదన ఒకటి లేస్తుంది. కెమెరా బరువు, నైట్ షూట్లు, ఆడపిల్లలు తట్టుకోలేరు అని. ఫిల్మ్ రీళ్ల కాలంలోనే, 1985లో, బి.ఆర్. విజయలక్ష్మి ఛాయాగ్రాహకురాలిగా 'చిన్న వీడు' అనే తమిళ సినిమా చిత్రీకరించారు.

నా దృష్టిలో అసలు మలుపు 2014 నవంబరు 10. ఆ రోజు సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది కెమెరా కేసులో కాదు, మేకప్ కేసులో. ముంబైలోని మేకప్ కళాకారుల సంఘం ఆడవాళ్లకు హెయిర్ డ్రెస్సర్ కార్డు (సినిమాల్లో పనిచేయడానికి కావాల్సిన సంఘం సభ్యత్వ కార్డు) మాత్రమే ఇచ్చేది, మేకప్ కార్డు మగవాళ్లకే. లాస్ ఏంజెలెస్‌లో శిక్షణ పొంది వచ్చిన చారు ఖురానాకు సభ్యత్వం నిరాకరించింది. కార్డు లేకుండా పనిచేశారని జరిమానా కూడా వేసింది. ఆడవాళ్లను రానిస్తే మగవాళ్ల బతుకుతెరువు పోతుందన్నది సంఘం వాదన. జస్టిస్ దీపక్ మిశ్రా, జస్టిస్ యు.యు. లలిత్ ధర్మాసనం ఆ నిబంధనను కొట్టేసింది.

మేకప్ పెట్టె బరువని ఎవరూ అనలేదు కదా. అడ్డం పడింది పని పోతుందన్న భయం. కెమెరా విభాగంలో అలాంటి నిషేధం కాగితం మీద అక్కర్లేదు. షూటింగ్ పరికరాలు అద్దెకిచ్చే అవుట్‌డోర్ యూనిట్ నుంచి కెమెరాతో పాటు దాన్ని మోసే అటెండర్లూ వస్తారు. ట్రాలీ వేసేది, క్రేన్ ఎత్తేది వేరేవాళ్లు. కొత్తగా వచ్చిన అమ్మాయికి కావాల్సింది ఒక డీఓపీ (ప్రధాన ఛాయాగ్రాహకుడు) దగ్గర అసిస్టెంట్‌గా చోటు, ఆపైన షాట్‌లో ఫోకస్ సరిచూసే ఫోకస్ పుల్లర్ అవకాశం. ఆ పిలుపులు తెలిసినవాళ్లకే వెళ్తాయి. సినిమాలు చేయనిదే కార్డు రాదు, కార్డు లేనిదే సినిమా రాదు.

పని తెలిసినవాళ్లు లేరా అంటే, మలయాళ సినిమా 'కుట్టి స్రాంక్'కు అంజులి శుక్లా 2009 సంవత్సరానికి ఛాయాగ్రహణంలో జాతీయ అవార్డు అందుకున్నారు. 2017లో మహిళా ఛాయాగ్రాహకులు దేశవ్యాప్తంగా ఒక బృందంగా ఏర్పడి తమ పేర్లు బయటపెట్టారు. "ఎవరూ దొరకడం లేదు" అనే సాకు అప్పుడే చెల్లకుండా పోయింది.

కేరళలో సినిమా రంగంలో ఆడవాళ్ల పరిస్థితి మీద వేసిన హేమ కమిటీ నివేదిక 2019 డిసెంబరులో చేతికొచ్చినా, 2024 ఆగస్టు దాకా జనం చూడలేదు. టాయిలెట్ లేక షూటింగ్‌లో మంచినీళ్లు తాగడమే మానేస్తున్నారని అందులో ఉంది. మన దగ్గర తెలంగాణ ప్రభుత్వం 2019లో వేసిన ఆ కమిటీ 2022లో నివేదిక ఇస్తే, దాన్ని బయటపెట్టమని 2024లో సమంత బహిరంగంగా అడగాల్సి వచ్చింది.

బరువు గురించి మాట్లాడేవాళ్లు ముందు ఒక లెక్క చెప్పాలి. మన ఛాయాగ్రాహకుల సంఘంలో ఎంతమంది ఆడవాళ్లకు కార్డులున్నాయి? ఎన్ని దరఖాస్తులు ఆగిపోయాయి, ఏ కారణంతో?