వరిమడి అడుగున వేలంపాట

"పచ్చటి పైరు గాలిని శుభ్రం చేస్తుంది కదా, మరి వరి వల్ల భూమి వేడెక్కుతోందంటారేమిటి?" అని ఒక పాఠకుడు అడిగారు. తప్పు పైరుది కాదు, దాని మొదలు దగ్గర నెలల తరబడి నిలిచే నీటిది. మనుషుల పనుల వల్ల గాలిలో కలిసే, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువులో సుమారు 8 శాతం వరిమళ్ల నుంచే వస్తుంది. వేడెక్కించడంలో, నూరేళ్ల లెక్కన కిలో మీథేన్ దాదాపు 27 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం, ఇరవై ఏళ్ల లెక్కలో 80 కిలోలకు. అంకెలకేం గానీ, అసలు సరదా బురదలో ఉంది. అక్కడ రాత్రింబగళ్లు ఒక వేలంపాట నడుస్తుంటుంది.

కుళ్లే గడ్డి, వేళ్ల నుంచి ఊరే చక్కెరలు మట్టిలోని సూక్ష్మజీవులకు తిండి. అందులోంచి శక్తి రావాలంటే ఎలక్ట్రాన్లను ఎవరికో ఒకరికి అప్పగించాలి. వేలంలో సరుకు ఆ ఎలక్ట్రాన్లే, ధర శక్తి. ఆక్సిజన్ ఉన్నంతసేపు పాట దానిదే: ఒక మోల్ (180 గ్రాముల) గ్లూకోజ్‌కు సుమారు 2,870 కిలోజౌళ్లు. మడిలో నీరు నిలిపామా, పైనుంచి ఆక్సిజన్ దిగడం దాదాపు ఆగిపోతుంది, ఎందుకంటే నీటిలో అది గాలిలో కన్నా పదివేల రెట్లు నిదానంగా పాకుతుంది. అప్పుడు నైట్రేట్ పాడుతుంది. అది అయిపోతే మాంగనీస్, తర్వాత ఫెర్రిక్ ఇనుము (ఎలక్ట్రాన్ పుచ్చుకోగల రూపం), ఆపైన సల్ఫేట్. అందరి జేబులూ ఖాళీ అయ్యాకే మీథేన్ చేసే ఆర్కియాకు (బాక్టీరియాలా కనిపించే వేరే జాతి సూక్ష్మజీవులకు) వంతు వస్తుంది. అదే గ్లూకోజ్‌కు ఈ దారిలో రాలేది 420 కిలోజౌళ్లు. మిగతా శక్తి ఏమైంది? మీథేన్‌లోనే ఉండిపోయింది. అందుకే అది మండుతుంది. 1776లో ఇటలీ శాస్త్రవేత్త వోల్టా ఒక సరస్సు అడుగు బురదను కర్రతో కెలికి, బుడగలు పట్టి, ఇదే వాయువును వెలిగించి చూశాడు. బురదనేలల్లో కొరివి దెయ్యాలున్నాయని జనం భయపడుతున్న కాలం అది!

ఈ వాయువు బుడగలుగా వచ్చేది కొంతే. వరి కాండంలో వేళ్లకు గాలి చేరవేసే సన్నని నాళాలున్నాయి. వాటిలోంచే 90 శాతం దాకా మీథేన్ తిరుగు ప్రయాణంలో బయటికి వస్తుంది.

ఇప్పుడు మడిని కొద్దిరోజులు ఆరనిస్తే? ఆక్సిజన్ దిగి మీథేన్ ఆగుతుందని ఎవరైనా ఊహిస్తారు. నాకు నచ్చింది ఆ తర్వాతి ముచ్చట. ఆ ఆక్సిజన్, ఎలక్ట్రాన్ పుచ్చుకుని ఫెర్రస్‌గా మారిన ఇనుమును మళ్లీ ఫెర్రిక్‌గా మారుస్తుంది, అంటే పాటగాడి జేబు నింపుతుంది. తిరిగి నీళ్లు పెట్టాక ఆ ఇనుమంతా ఖర్చయ్యేదాకా ఆర్కియా కాచుకోవాల్సిందే. నాలుగు రోజుల ఆరుదలకు ఫలితం నాలుగు రోజులతో పోదు.

దీన్నే తడి-పొడి పద్ధతి అంటున్నారు. చిల్లులు పెట్టిన గొట్టాన్ని మడిలో పాతి, లోపలి నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్లీ 5 సెంటీమీటర్ల నీరు పెడతారు. పూత దశలో మాత్రం ఆరబెట్టరు, తాలు గింజలు పెరుగుతాయి. వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ 2019 లెక్కల్లో ఎప్పుడూ నీరున్న మడి వదిలే మీథేన్ 1 అయితే, పలుమార్లు ఆరిన మడి వదిలేది 0.55. వరికి నిత్యం నీరుండి తీరాలన్నది పాత నమ్మకం. నిలిచిన నీటికి ఒక పెద్ద పని కలుపును అణచడం, కాబట్టి ఆరబెట్టే రైతుకు కలుపు బెడద పెరగొచ్చు. ఆ సంగతి దాచి సలహా ఇవ్వడం న్యాయం కాదు.

గడ్డి విషయం మరీ తేలిక. నీళ్లు పెట్టడానికి కాస్త ముందే గడ్డిని మట్టిలో కలిపి దున్నితే వేలానికి కొత్త సరుకు పోసినట్టే. నెలకు పైగా ముందే దున్నేస్తే చాలావరకు ఆక్సిజనే తినేస్తుంది.

చిక్కు యూరియాతో. దాని నుంచి వచ్చే అమ్మోనియం, ఆరిన మట్టిలో నైట్రేట్‌గా మారుతుంది. మళ్లీ తడిపినప్పుడు ఆ నైట్రేట్ ఎలక్ట్రాన్లు పుచ్చుకుంటూ నైట్రోజన్ దాకా వెళ్లకుండా కొంత నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువు దగ్గరే ఆగిపోతుంది. వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా 273 రెట్లు గడుసుది. కాబట్టి యూరియా చల్లి మడిని ఎండబెట్టకూడదు. ఆరిన మడిలో చల్లి, వెంటనే నీళ్లు పెట్టాలి.