కన్నెపొర దగ్గర సాక్ష్యం దొరకదు

తొలిరాత్రి రక్తం కనబడితే అందరూ హమ్మయ్య అనుకుంటారు, కనబడకపోతే అమ్మాయి మీద అనుమానం మొదలవుతుంది. మతంతో, దేశంతో నిమిత్తం లేకుండా చాలా సమాజాల్లో ఈ లెక్క ఇప్పటికీ నడుస్తోంది. కొన్నిచోట్ల దుప్పటి చూస్తారు, కొన్నిచోట్ల పెళ్లికి ముందే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి సర్టిఫికెట్ రాయమంటారు. రెండిటి వెనకా ఉన్న నమ్మకం ఒకటే: యోని ద్వారాన్ని ఒక పొర మూసి ఉంచుతుంది, మొదటి కలయికతో అది చిరుగుతుంది, చిరిగితే రక్తం వస్తుంది, ఆ గుర్తు ఇక పోదు. ఇందులో నమ్ముకోదగ్గ ముక్క ఒక్కటీ లేదు.

అసలు అది మూతే అయితే నెలసరి రక్తం బయటికి ఎలా వస్తుంది? కడుపులో బిడ్డ ఎదిగేటప్పుడు యోని నాళం పైభాగమూ కిందిభాగమూ కలిసేచోట ఈ కన్నెపొర ఏర్పడుతుంది, మామూలుగా పుట్టేలోపే దాని మధ్యలో దారి తెరుచుకుంటుంది. ఏ కొద్దిమందికో అలా తెరుచుకోదు. వాళ్లకి యుక్తవయసు రాగానే రక్తం లోపలే పేరుకుపోయి నెలనెలా కడుపునొప్పి వస్తుంది, చిన్న ఆపరేషన్ చేసి తెరవాలి. అంటే జనం ఊహించుకునే 'చెక్కుచెదరని' పొర నిజంగా ఉన్న అమ్మాయి గైనకాలజిస్టుకి పేషెంటు అన్నమాట.

మిగతా అందరిలో అది ద్వారం అంచున ఉండే మెత్తటి కణజాలం, అంతే. కొందరిలో గుండ్రంగా చుట్టూ ఉంటుంది, కొందరిలో నెలవంక ఆకారంలో ఒకవైపే, కొందరిలో ఉందా లేదా అన్నంత సన్నగా. యుక్తవయసులో ఈస్ట్రోజన్ అనే హార్మోను పెరిగేసరికి దళసరెక్కి, మడతలు పడి, బాగా సాగుతుంది. గౌను అంచుకి కుట్టిన కుచ్చు లాంటిది అనుకోండి. ఆ మడతల మధ్య పుట్టుకతోనే గాట్ల లాంటివి ఉండొచ్చు, వాటిని చూసి 'చిరిగింది' అని తేల్చేసే తొందరపాటు డాక్టర్లూ లేకపోలేదు. నిజంగా చిన్న గాయమైనా త్వరగా మానిపోతుంది, చాలాసార్లు మచ్చ కూడా మిగలదు.

దీన్ని పరిశోధకులు పరీక్షించి చూశారు కూడా. లైంగిక సంబంధం ఉందని తామే చెప్పిన యువతులను పరిశీలించిన ఒక అధ్యయనం 2004లో వచ్చింది, వాళ్లలో 52 శాతం మందికి కన్నెపొరలో గుర్తించదగ్గ మార్పేమీ కనబడలేదు. అదే ఏడాది వచ్చిన ఇంకో అధ్యయనంలో టీనేజ్‌లో గర్భం దాల్చిన 36 మంది ఉన్నారు, స్పష్టమైన ఆనవాళ్లు దొరికింది ఇద్దరిలోనే. గర్భమే దాల్చినవాళ్లలో తేలనిది పెళ్లికి ముందు ఐదు నిమిషాల పరీక్షలో ఎలా తేలుతుందో ఆ సర్టిఫికెట్లు రాసేవాళ్లే చెప్పాలి.

రక్తం సంగతి ఇంకా విచిత్రం. సారా పాటర్సన్-బ్రౌన్ అనే లండన్ గైనకాలజిస్టు తనతో పనిచేసే 41 మంది మహిళలని అడిగి 1998లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌కి ఒక చిన్న లేఖ రాశారు. మొదటిసారి రక్తం రాలేదన్నవాళ్లు 63 శాతం. పెద్ద సర్వే ఏమీ కాదు, కానీ శరీర నిర్మాణం చెప్పేదీ అదే, ఎందుకంటే ఆ పొరలో రక్తనాళాలు తక్కువ. మరి వచ్చినప్పుడు ఎందుకొస్తుంది? తడి చాలకపోవడం, తొందర, భయంతో కటి కండరాలు బిగుసుకుపోవడం, ఇలాంటివన్నీ కలిసి యోని గోడలు ఒరుసుకుపోతాయి. 'రక్తం వస్తుందా రాదా' అన్న టెన్షన్ ఆ బిగువుని ఇంకా పెంచుతుంది. దుప్పటి మీద మరక చూసి సంతోషించేవాళ్లు చాలాసార్లు చూస్తున్నది ఒక గాయాన్ని.

అమ్మాయిలని వెనకేసుకొచ్చేవాళ్లు 'సైకిల్ తొక్కినా, ఆటలాడినా చిరుగుతుందండీ' అంటుంటారు. ఉద్దేశం మంచిదే, కానీ ఆ మాట పాత నమ్మకాన్ని అలాగే ఉంచి ఒక మినహాయింపు అడుగుతుంది, అంతకుమించి చేసేదేమీ లేదు. ఆటలే ఆడని అమ్మాయి సంగతేంటి మరి? తెలియని కాలం నాటి నమ్మకం అని సర్దిచెప్పుకోవడానికి కూడా లేదు, యోనిని మూసే పొర అంటూ ఏదీ లేదని గ్రీకు వైద్యుడు సొరేనస్ 2వ శతాబ్దంలోనే రాశాడు.

ఈ నమ్మకం కుటుంబాల దగ్గరే ఆగదు. 1979 జనవరిలో 35 ఏళ్ల భారతీయ టీచర్ ఒకామె పెళ్లి చేసుకోవడానికి లండన్ హీత్రో విమానాశ్రయంలో దిగింది. అప్పటి నిబంధనల ప్రకారం మూడు నెలల్లో పెళ్లి చేసుకోబోయే ఆడవాళ్లకి వీసా అక్కర్లేదు, భార్యలకైతే కావాలి. ఈమెకి పెళ్లి అయిపోయే ఉంటుందని అధికారులకి అనుమానం. ఆడ డాక్టరుని పిలవమంటే కుదరదన్నారు, మగ డాక్టరు పరీక్షించి చూశాడు. పత్రికలో వచ్చి గొడవయ్యాక ఆ పద్ధతి ఆపేశారు, ఇలాంటి పరీక్షలు కనీసం 80 మందికి జరిగాయని చాలా ఏళ్ల తర్వాత, 2011లో, ప్రభుత్వ కాగితాల్లోనే బయటపడింది. కాగితాల మీద తేల్చుకోవాల్సిన వీసా తగాదాకి ఒక మనిషి శరీరాన్ని తెరిచి చూడటం ఆ అధికారులెవరికీ వింతగా అనిపించలేదు చూడండి.

అందుకే 'ఈ పరీక్ష పనిచేయదు' అన్న వాదన ఒక్కటే నాకు చాలదు. రేపు ఎవరో నిజంగా పనిచేసేది కనిపెడితే అప్పుడు సరేనంటామా? పెళ్లికొడుకుని ఇలా నిరూపించుకోమని అడిగేవాళ్లు ఎక్కడా కనబడరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మరో రెండు ఐరాస సంస్థలతో కలిసి 2018లో ఈ పరీక్షలని నిషేధించమన్నప్పుడు రెండు మాటలూ కలిపే చెప్పింది: దీనికి శాస్త్రీయ ఆధారం లేదు, పైగా ఇది మానవ హక్కుల ఉల్లంఘన. మన సుప్రీంకోర్టు కూడా అత్యాచార కేసుల్లో రెండు వేళ్ల పరీక్ష (యోనిలో వేళ్లు పెట్టి లైంగిక సంబంధాలకి అలవాటు పడిందా అని చూడటం) బాధితురాలి గోప్యతకి భంగమని 2013లో అంది, అయినా ఆగకపోయేసరికి 2022లో, చేసిన డాక్టర్లని దుష్ప్రవర్తన కింద దోషులుగా చూస్తామని చెప్పాల్సొచ్చింది.

బ్రిటన్ 2022లో పరీక్షతో పాటు కన్నెపొరని కుట్టే ఆపరేషన్ని కూడా నేరం చేసింది. ఆ ఆపరేషన్ చేయించుకున్నా రక్తం వస్తుందన్న గ్యారంటీ లేదు, డబ్బులూ నొప్పీ మాత్రం గ్యారంటీ. ఫ్రాన్స్ అంతకు ముందు ఏడాదే కన్యత్వ సర్టిఫికెట్ రాసే డాక్టర్లకి ఏడాది జైలు, 15,000 యూరోల జరిమానా పెట్టింది. దాన్ని వ్యతిరేకించినవాళ్లలో డాక్టర్లు కూడా ఉన్నారు. ఆ కాగితం అబద్ధమని వాళ్లకి అందరికంటే బాగా తెలుసు. అయినా ఇంట్లో కొట్టేస్తారనో, అంతకంటే ఘోరం జరుగుతుందనో భయపడి వచ్చిన అమ్మాయికి ఆ అబద్ధమే ఒక్కోసారి ప్రాణం కాపాడుతుందని, చట్టం పేరు చెప్పి ఆమెని ఉత్త చేతులతో ఇంటికి పంపలేమని వాళ్ల వాదన.