టొయోసు చేపల మార్కెట్‌కి ముక్కు మూసుకుని వెళ్ళక్కర్లేదు: అపోహలు - వాస్తవాలు

టోక్యో చూడటానికి వచ్చే తెలుగువాళ్ళకి గైడ్‌గా తిరగడం నా పని. అసకుసా గుడి గురించి అడిగేవాళ్ళకంటే చేపల మార్కెట్ గురించి అడిగేవాళ్ళే ఎక్కువ. వాళ్ళలో సగం మంది ఎప్పటివో యూట్యూబ్ వీడియోలు చూసి వస్తారు. ఆ వీడియోల్లోని మార్కెట్ ఇప్పుడు అక్కడ లేదు. ముందు అదే చెప్పాలి.

అపోహ: చేపల మార్కెట్ అంటే సుకిజి.

వాస్తవం: 2018 అక్టోబర్ 6 దాకా అంతే. 1923 భూకంపంలో నిహోంబాషి దగ్గరి పాత చేపల బజారు నాశనమైంది. దాని బదులు సుకిజిలో 1935లో హోల్‌సేల్ మార్కెట్ తెరిచారు. అది పాతబడి, ఇరుకైపోయి, రెండు కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న టొయోసుకి మారింది. అక్కడ 2018 అక్టోబర్ 11న అమ్మకాలు మొదలయ్యాయి. నిజానికి 2016లోనే మారాల్సింది. కొత్త స్థలంలో ఒకప్పుడు గ్యాస్ ఫ్యాక్టరీ ఉండేది. నేల కలుషితమైందన్న గొడవతో టోక్యో గవర్నర్ కొయికె వాయిదా వేశారు.

సుకిజిలో మిగిలింది బయటి బజారు, దాన్ని ‘జోగై’ అంటారు. చిన్న చిన్న దుకాణాలు, తిండి కొట్లు, కత్తుల షాపులు. వెళ్ళాల్సిన చోటే, కానీ వేలం అక్కడ జరగదు. చీకటితో టాక్సీ ఎక్కి సుకిజి అంటే డ్రైవర్ మర్యాదగా అక్కడే దింపి వెళ్ళిపోతాడు. మధ్యాహ్నం రెండు దాటాక వెళ్ళినా ఉపయోగం లేదు, చాలా షాపులు షట్టర్ దించేస్తాయి.

అపోహ: వేలం జరిగేటప్పుడు ట్యూనాల మధ్య తిరగొచ్చు.

వాస్తవం: తిరగలేరు, అద్దం అవతలి నుంచి చూడాలి. ఈ మాట చెప్పగానే చాలామంది మొహం వాడిపోతుంది. సుకిజి రోజుల్లో లోపలికి వదిలేవారు. జనం చేపల్ని తాకడం, ఫ్లాష్ కొట్టి ఫోటోలు తీయడం, బండ్లకి అడ్డం నిలబడటం ఎక్కువయ్యాయి. కొన్నాళ్ళు సందర్శకుల్ని పూర్తిగా ఆపేశారు కూడా. చివరికి రోజుకి 120 మంది అని లెక్క పెట్టారు. లక్షల యెన్ల సరుకు మీద పది సెకన్లలో నిర్ణయం తీసుకునే మనిషి కళ్ళలోకి ఫ్లాష్ కొడితే ఆయనకెలా ఉంటుందో ఆలోచించండి. నేనైతే అద్దం పక్షమే.

టొయోసులో రెండు దారులున్నాయి. పై అంతస్తు గ్యాలరీకి దరఖాస్తు అక్కర్లేదు, ఉచితం. కాస్త దూరం నుంచి చూస్తారు, చప్పుడు పెద్దగా వినపడదు. కింద ఇంకో వేదిక ఉంది. అక్కడ అద్దం పైభాగం తెరిచి ఉంటుంది కాబట్టి గంట మోత, అరుపులు, చల్లగాలి అన్నీ మీదాకా వస్తాయి. దానికి ముందు నెలలోనే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకుంటే లాటరీ తీస్తారు. ఇదీ ఉచితమే.

ట్యూనా పాట ఐదున్నర, ఆరున్నర మధ్య జరుగుతుంది. హోటల్ షింబాషి దగ్గరో టొయోసు దగ్గరో ఉంటే మొదటి యురికమొమె రైలు ఎక్కి షిజో-మాయె స్టేషన్‌లో దిగొచ్చు, అది ఎన్నింటికి చేరుతుందో ముందే చూసుకోండి. దూరంలో ఉంటే టాక్సీ తప్పదు.

పాట మొదలవక ముందే చేరడం ముఖ్యం, అసలు పని అప్పుడే జరుగుతుంది. ప్రతి చేపకీ తోక కోసి ఉంటుంది. కొనేవాళ్ళు టార్చిలైటు వేసి ఆ కోసిన చోట రంగు చూస్తారు. ‘తెకగి’ అనే కొక్కెంతో చిన్న ముక్క తీసి వేళ్ళ మధ్య నలుపుతారు, కొవ్వు ఎంతుందో చేతికి తెలుస్తుంది. నేల ఆకుపచ్చగా ఉండటం గమనించండి. ఎర్రటి మాంసం రంగు సరిగ్గా కనపడాలనే ఆ రంగు వేశారు.

ఆ తర్వాత గంట మోగుతుంది. వేలం వేసేవాళ్ళలో ఒక్కొక్కరిది ఒక్కో బాణీ. ఒకాయన ఊగుతాడు, ఇంకొకాయన గెంతుతాడు. కొనేవాళ్ళు నోరు విప్పరు, వేళ్ళతోనే ధర చూపిస్తారు. ఆ సైగల్ని ‘తెయరి’ అంటారు. ఒక్కో చేప కొన్ని సెకన్లలో అయిపోతుంది. మనం వేలాన్ని ‘పాట’ అంటాం కదా, ఆ మాట ఎంత సరైనదో నాకు టొయోసులోనే తెలిసింది.

అన్నట్టు, మార్కెట్‌కి వచ్చే చేపంతా పాటలోనే పోతుందనుకోకండి. ఎక్కువ భాగం హోల్‌సేలర్, ‘నకాఒరోషి’ అనే మధ్య వ్యాపారి కూర్చుని మాట్లాడుకున్న ధరకే చేతులు మారుతుంది.

అపోహ: ఒక్కో ట్యూనాకి కోట్లు పలుకుతుంది.

వాస్తవం: ఆ వార్తలన్నీ జనవరి 5వి. కొత్త సంవత్సరం తొలి పాట అది. 2019లో అవోమొరి ప్రాంతంలోని ఓమాలో పట్టిన 278 కిలోల బ్లూఫిన్ ట్యూనాని సుషీ హోటళ్ళ యజమాని కియోషి కిమురా 33 కోట్ల 36 లక్షల యెన్లకి కొన్నారు. అంటే కిలో 12 లక్షలు. ఆ చేపని తన హోటళ్ళలో మామూలు ధరకే పెట్టారు. మిగతాదంతా ప్రచారానికి పెట్టిన ఖర్చనుకోవాలి. పుస్తెలమ్మైనా పులస తినాలనే ఊరివాళ్ళకి ఈ లెక్క నేను వివరించనక్కర్లేదు. మామూలు రోజుల్లో ధరలు దీని దరిదాపుల్లో కూడా ఉండవు.

అపోహ: అప్పుడే చచ్చిన చేపే అన్నిటికన్నా రుచి.

వాస్తవం: మొప్పలు ఎర్రగా ఉన్నాయా లేదా అని ఎత్తి చూసి కొనే అలవాటు మనది. ఆ కంటితోనే ఇక్కడి గడ్డకట్టిన ట్యూనాల్ని చూసి, తెల్లగా మంచు పట్టి దుంగల్లా పడున్నాయే, ఇవి పాత సరుకా అని అడుగుతారు. కాదు. దూర సముద్రాల్లో పట్టిన ట్యూనాని పడవలోనే మైనస్ 60 డిగ్రీలకి గడ్డకట్టిస్తారు. ఇంట్లో ఫ్రీజర్ చలికి ట్యూనా మాంసం గోధుమరంగులోకి తిరిగిపోతుంది, అందుకే అంత చలి. పచ్చి చేపల్లో ఉండే అనిసాకిస్ అనే పురుగు కూడా గడ్డకట్టిస్తే చస్తుంది. మైనస్ 20 దగ్గర 24 గంటలు ఉంచితే చాలు.

ఇక తాజా చేప మాటకొస్తే, దాన్ని చంపడంలోనే ఒక పద్ధతి ఉంది. మెదడులో ఊచ గుచ్చి, రక్తం తీసేస్తారు. ‘ఇకెజిమె’ అంటారు. ఆ తర్వాత చేపని బట్టి ఒక రోజో, పెద్ద ట్యూనా అయితే ఇంకా ఎక్కువ రోజులో చల్లగా ఉంచుతారు. అప్పుడే పట్టిన చేప గట్టిగా, నమిలితే బిర్రుగా ఉంటుంది తప్ప రుచి రాదు. ఉమామి అనే కమ్మటి రుచినిచ్చే ఇనోసినిక్ ఆమ్లం చేప చనిపోయాకే పెరుగుతుంది. చేపల పులుసు మర్నాటికే బాగుంటుందని మా అమ్మమ్మ ఎప్పుడో తేల్చేసింది, కారణం వేరైనా.

అపోహ: అక్కడున్నవన్నీ జపాన్ సముద్రపు చేపలే.

వాస్తవం: ట్యూనా స్పెయిన్ నుంచీ వస్తుంది, అమెరికా నుంచీ వస్తుంది. సాల్మన్ సుషీ అనాదిగా ఉన్న వంటకం అనుకుంటారు. పురుగుల భయంతో స్థానిక సాల్మన్‌ని పచ్చిగా తినేవారు కాదు. 1980లలో నార్వేవాళ్ళు పనిగట్టుకుని అలవాటు చేశారు. రొయ్యల్లో సింహభాగం దిగుమతే. వియత్నాం, ఇండోనేషియాతో పాటు మన దేశం నుంచీ వస్తాయి. 1990లలో నెల్లూరు, గోదావరి జిల్లాల టైగర్ రొయ్యకి జపానే పెద్ద గిరాకీ. భీమవరం నుంచి వచ్చిన ఒకాయన ఇక్కడ రొయ్య టెంపురా తింటూ, ఇది మా చెరువులోదే అయ్యుంటుందన్నారు. కాదని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు.

అపోహ: హోల్‌సేల్ కదా, చవగ్గా దొరుకుతుంది.

వాస్తవం: టొయోసులో చేపలమ్మే అంతస్తుకి మీరు వెళ్ళనే లేరు. చేపల భవనం నాలుగో అంతస్తులో కత్తులు, టీ, ఊరగాయలు అమ్మే షాపులున్నాయి, అక్కడ కొనుక్కోవచ్చు. పేరున్న సుషీ కొట్ల ముందు గంటల తరబడి క్యూ. చవకనుకుని కాకుండా, నాణ్యత కోసమైతే నిలబడండి. సుకిజి బయటి బజారు ధరలు టూరిస్టుల ధరలే. అక్కడ కొన్నది కొట్టు ముందే నిలబడి తినండి, తింటూ నడిస్తే ఇష్టపడరు.

అపోహ: శాకాహారులకి గుడ్డు అట్టు ఉందిగా.

వాస్తవం: గుడ్డు తినేవాళ్ళు కూడా ఇక్కడ జాగ్రత్తపడాలి. పుల్లకి గుచ్చి ఇచ్చే ఆ అట్టులో, అంటే తమగొయాకిలో, సాధారణంగా ‘దాషి’ కలుపుతారు. దాషి అంటే ఎండు చేప మరిగించిన రసం. మిసో సూప్‌లోనూ అదే. మా గ్రూపుల్లో శాకాహారులుంటే టిఫిన్ పొట్లం కట్టుకొచ్చుకోమని చెప్తాను, టొయోసు చేపల భవనం మీద గడ్డి వేసిన డాబా ఉంది, కూర్చోవడానికి బాగుంటుంది.

అపోహ: కంపు కొడుతుంది.

వాస్తవం: కొట్టదు. మూసి ఉన్న, చల్లబరచిన భవనం అది.

అపోహ: మార్కెట్ కదా, రోజూ ఉంటుంది.

వాస్తవం: ఆదివారాలు, పండగ సెలవులు ఉండవు. కొన్ని బుధవారాలు కూడా మూస్తారు. ఏ బుధవారం అన్నది నెలనెలా మారుతుంది, మార్కెట్ వెబ్‌సైట్‌లో క్యాలెండర్ చూసుకోవాలి. ఇది నేను నేర్చుకున్న తీరు చెప్తాను. పని కొత్తలో పదకొండు మందిని నాలుగింటికి నిద్ర లేపి, మూడు టాక్సీల్లో తీసుకెళ్ళాను. బుధవారం. ఖాళీ గ్యాలరీ, అద్దం అవతల కడిగిన పచ్చ నేల. ఒక పెద్దాయన ఆ నేల వంకే కాసేపు చూసి, "శుభ్రంగా ఉంచుకున్నార్రా" అన్నారు. ఆ రోజు టాక్సీలు, టిఫిన్లు నా జేబులోంచే.