పిల్లికూన పడుకుందా, పడిపోయిందా? నిద్ర చుట్టూ ఉన్న అపోహలు - వాస్తవాలు

రాత్రి 10 దాటాక మా క్లినిక్ ఫోన్ మోగిందంటే అవతలి నుంచి తరచుగా వినిపించే మాట ఒకటే: “డాక్టర్ గారూ, పిల్ల పొద్దుగాల్నుంచి పండుకునే ఉంది, ఏమన్నా అయిందా?” హైదరాబాద్‌లో 14 ఏళ్లుగా పెంపుడు జంతువులకు వైద్యం చేస్తున్న నాకు ఇలా ఫోన్ చేసేవారి మీద ఎన్నడూ విసుగు రాలేదు. నన్ను బాధపెట్టేది, మూడో రోజున కూనను తువ్వాలులో చుట్టి తెచ్చి, “పిల్లులు ఎప్పుడూ నిద్రపోతూనే ఉంటాయి కదా అనుకున్నాం” అనేవారి మాట. మొదటివారు మామూలు నిద్రను జబ్బు అనుకుంటారు, రెండోవారు జబ్బును మామూలు నిద్ర అనుకుంటారు. ఇద్దరూ లెక్కపెడుతున్నవి నిద్రపోయిన గంటలే. చూడవలసింది మాత్రం అది మేలుకున్న తీరు.

తెలుగులో నిద్రకు, మగతకు వేరువేరు మాటలు ఉండటం ఈ విషయంలో మనకు ఎంతో మేలు చేస్తుంది. నిద్రలో ఉన్న కూనను తట్టి లేపితే ఆవులిస్తుంది, ముందుకాళ్లు చాచి ఒళ్లు విరుచుకుంటుంది, ఒకటి రెండు నిమిషాల్లో గిన్నె వైపో మీ చెప్పుల వైపో నడుస్తుంది. మగతలో ఉన్న కూన కళ్లు తెరుస్తుంది గానీ చూపు నిలవదు, నిలబెడితే నడుము జారుతుంది, వదిలేస్తే పెట్టినచోటే మళ్లీ ముడుచుకుంటుంది.

అపోహ: రోజుకు ఇరవై గంటలు పడుకుంటే అది జబ్బే.

వాస్తవం: పుట్టిన తొలి వారంలో పిల్లికూన రోజులో దాదాపు 22 గంటలు నిద్రపోతుంది, తక్కిన సమయమంతా పాలు తాగడానికే సరిపోతుంది. పెరుగుదలకు కావలసిన హార్మోను నిద్రలోనే ఎక్కువగా విడుదలవుతుంది కనుక ఆ నిద్ర వృథా కాదు. కళ్లు 7 నుంచి 14 రోజుల మధ్య తెరుచుకుంటాయి, నాలుగో వారానికి తోబుట్టువులతో కుస్తీలు మొదలవుతాయి, నిద్ర ఆ మేరకు తగ్గుతుంది. రెండు నెలల నుంచి ఆరు నెలల వరకు 16 నుంచి 20 గంటలు, పెద్దయ్యాక 12 నుంచి 16 గంటలు మామూలే. పాలు తాగే వయసులో నిద్ర సరిగా ఉందో లేదో చెప్పే సాక్షి గడియారం కాదు, త్రాసు. పుట్టినప్పుడు సుమారు 100 గ్రాములుండే కూన రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరగాలి. వంటింట్లో మసాలాలు తూచుకునే చిన్న డిజిటల్ త్రాసు మీద ఒక గిన్నె పెట్టి, రోజూ ఒకే వేళకు తూచి రాసుకుంటే చాలు. ఒక రోజంతా బరువు పెరగకపోతే ఆ నిద్రను అనుమానించాలి, తగ్గితే అదే రోజు చూపించాలి.

అపోహ: నిద్రలో కాళ్లు కొట్టుకుంటే ఫిట్స్.

వాస్తవం: కలల నిద్ర గురించి శాస్త్రానికి తెలిసిన తొలి సంగతుల్లో చాలా భాగం పిల్లుల నుంచే వచ్చింది. మెదడు మెలకువలో ఉన్నంత చురుగ్గా ఉండి, కనుగుడ్లు వేగంగా కదిలే నిద్రదశ పిల్లుల్లోనూ ఉందని అమెరికాకు చెందిన నిద్ర పరిశోధకుడు విలియం డిమెంట్ 1958లో ప్రకటించారు. ఆ దశలో ఒంటి కండరాలు పూర్తిగా వదులైపోతాయని ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో మరో పరిశోధకుడు మిషెల్ జువే 1959లో చూపించారు. అలా వదులైన ఒంట్లోనే మధ్యమధ్య చిన్న చిన్న అదుర్లు వస్తుంటాయి. పసికూనల నిద్రలో అధికభాగం ఈ దశే కాబట్టి మీసాలు అదరడం, పంజాలు ముడుచుకుని విప్పుకోవడం, పెదవులు చప్పరించడం, ఊపిరి కాసేపు గబగబా ఆడి మళ్లీ నెమ్మదించడం, మూడో రెప్ప తెల్లటి పొరలా సగం కంటిని కప్పడం అన్నీ సహజమే. మేలుకున్నాక కూడా ఆ పొర దిగకపోతే మాత్రం ఒంట్లో నలత ఉన్నట్టు.

ఫిట్స్ అలా ఉండదు. ఒళ్లంతా కర్రలా బిగుసుకుంటుంది, నాలుగు కాళ్లూ తెడ్డు వేసినట్టు లయగా ఆడతాయి, నోట్లో నురగ వస్తుంది, మూత్రం పోవచ్చు, ఆగిపోయాక కూడా చాలాసేపు అయోమయంగా గోడకేసి నడుస్తుంది. కలలో అదిరే కూన పేరు పెట్టి పిలిస్తే ఆగిపోతుంది. ఫిట్స్ మీ పిలుపు వినదు. ఆ సమయంలో నోట్లో వేలు పెట్టకుండా, దొర్లిపడే అంచుల నుంచి దూరంగా జరిపి, ఎంతసేపు వచ్చిందో గడియారం చూసుకోండి. ఇంట్లో కుక్క కూడా ఉంటే, దాని మీద గోమారుల మందు చల్లారా అని మేము తప్పకుండా అడుగుతాం. ఆ మందుల్లో కొన్నింటిలో ఉండే పెర్మెత్రిన్ కుక్కకు ఏమీ చేయకపోయినా పిల్లికి విషం, వణుకుతో మొదలై ఫిట్స్ దాకా తీసుకుపోతుంది.

అపోహ: పిల్లి కదా, పడుకుంటే పడుకోనీ.

వాస్తవం: ఈ ఉదాసీనత వల్ల పోయిన ప్రాణాలే నా అనుభవంలో ఎక్కువ. మగతకు కారణాలు అనేకం, వాటిలో మూడు మా బల్ల మీదకు మళ్లీ మళ్లీ వస్తాయి.

మొదటిది ఆకలితో రక్తంలో చక్కెర పడిపోవడం. చిన్న కూన కాలేయంలో నిల్వ ఉండే చక్కెర చాలా కొద్దిపాటిది, తొలివారంలో ప్రతి రెండు మూడు గంటలకూ పాలు అందకపోతే అది అడుగంటిపోతుంది. ఒళ్లు వడలిపోయి, తల వాలిపోతుంది. అలాంటప్పుడు చిగుళ్లకు కాస్త చక్కెర నీళ్లు రాసి, వెచ్చగా పట్టుకుని వెంటనే బయలుదేరాలి. నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, రాయడమే.

రెండోది ఫ్లీలు (బొచ్చులో దూకుతూ తిరిగే చిన్న పురుగులు), గోమార్లు రక్తం పీల్చేయడం. వీధి నుంచి తెచ్చిన అర కిలో కూనకు వంద ఫ్లీలు పట్టాయంటే అది చిన్న సంగతి కాదు. పెదవి పైకెత్తి చిగురు చూడండి. లేత గులాబీ రంగులో ఉండాలి, వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. కాగితంలా పాలిపోయి ఉంటే ఆ నిద్ర రక్తలేమి తెచ్చిన నిస్సత్తువ. దువ్వెనతో దువ్వి, రాలిన నల్లటి పొడిని తడి తెల్లకాగితం మీద రుద్దితే ఎర్రగా కరిగిందంటే అది ఫ్లీలు విసర్జించిన రక్తమే.

మూడోది పాన్‌ల్యూకోపీనియా. టీకాలు పడని కూనలను ఒకటి రెండు రోజుల్లో కూలదోసే వైరస్ జబ్బు ఇది. వాంతులు, విరేచనాలు తరవాత రావచ్చు, చాలాసార్లు మొదట కనిపించేది మగతే. నీళ్ల గిన్నె ముందు వెన్ను వంచి, తల వేలాడేసి కూర్చుంటుంది గానీ తాగదు. ఆ భంగిమను ఒకసారి చూసినవారు మరిచిపోలేరు. ఈ వైరస్ ఇంట్లో ఏడాది దాకా బతకగలదు కనుక, ఒక కూన ఈ జబ్బుతో పోయిన ఇంటికి టీకా పూర్తికాని మరో కూనను తేవద్దని నేను గట్టిగానే చెబుతాను. టీకాలు 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, 3 నుంచి 4 వారాలకొకటి చొప్పున 16 వారాలు నిండేదాకా వేయించాలి. టీకా వేసిన రోజు, మర్నాడు కాస్త ఎక్కువ పడుకోవడం మామూలే. రెండు రోజులు దాటినా తేరుకోకపోయినా, గంటల్లోపే ముఖం వాచినా, వాంతులు పట్టుకున్నా అది మామూలు కాదు.

పడుకునే చోటు మారడం కూడా కబురే. రోజూ సోఫా మీద పడుకునే కూన బాత్రూమ్ గచ్చు మీదనో, మట్టి ట్రేలోనో, మంచం కింద చివరి మూలనో పడుకోవడం మొదలుపెడితే, ఆ కబురు వినండి.

అపోహ: చల్లబడి పడి ఉన్న కూనకు ముందు పాలు పట్టాలి.

వాస్తవం: ముందు వెచ్చదనం, తరవాతే పాలు. తొలివారంలో కూనకు వణికి వేడి పుట్టించుకునే శక్తి ఉండదు, దానికి చుట్టుపక్కల 29 నుంచి 32 డిగ్రీల వేడి కావాలి. మన ఊళ్లో డిసెంబరు రాత్రులే కాదు, మే నెలలో కూలర్ ఎదుట, 18కి పెట్టిన ఏసీ కింద కూడా కూనలు చల్లబడతాయి. ఒళ్లు చల్లబడితే పేగుల కదలిక ఆగుతుంది, పోసిన పాలు అరగక పొట్టలోనే నిలిచిపోతాయి లేదా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గోరువెచ్చని నీళ్ల సీసాను బట్టలో చుట్టి పక్కన పెట్టి, గంటా రెండు గంటల్లో మెల్లగా వేడెక్కించాలి. ఆ తరవాత పట్టేది కూడా పిల్లికూనల పాలపొడి అయితే మేలు, ఆవుపాలు, గేదెపాలు పట్టితే విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరు పోతుంది.

అపోహ: మిద్దె మీద ఒంటరిగా నిద్రపోతున్న కూనలకు తల్లి లేనట్టే.

వాస్తవం: పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. ఇళ్ల లెక్క ఏమోగానీ, తల్లి ఒక్కొక్క కూననే మెడ దగ్గర కరిచిపట్టుకుని చోటు మార్చడం నిజం, ఆ మధ్యలో మిగిలినవి గంటలపాటు ఒంటరిగా ఉండటమూ నిజం. పొట్టలు గుండ్రంగా, ఒళ్లు వెచ్చగా ఉండి, ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతుంటే తల్లి వచ్చి వెళుతోందని అర్థం. దూరం నుంచి గమనించండి. పొట్టలు లోపలికి పోయి, ఆగకుండా అరుస్తూనో, అరవడానికి కూడా ఓపిక లేక చల్లగానో ఉంటే అప్పుడు చేయి వేయండి.

అపోహ: పర్షియన్ కూన గురక ముద్దుగా ఉంటుంది.

వాస్తవం: మీకు ముద్దు, దానికి కష్టం. చదునుముఖం పిల్లుల్లో ముక్కురంధ్రాలు సన్నగా, నోటి వెనక మెత్తటి అంగిలి పొడవుగా ఉండి గాలి వెళ్లే దారి ఇరుకవుతుంది. మెడ పైకి చాచి పడుకోవడం, గురక మధ్యలో ఉలిక్కిపడి లేవడం ఆ ఇరుకుకు గుర్తులు. కూన గాఢనిద్రలో, అంటే ఏ అదురూ లేనప్పుడు, పక్కటెముకలు ఎన్నిసార్లు లేచి పడుతున్నాయో 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయండి. పెద్ద పిల్లిలో అది 30 లోపు ఉంటుంది, కూనల్లో కాస్త ఎక్కువ. రెండు నెలలు దాటిన కూనలో పదేపదే 40 దాటుతుంటే చూపించాలి. నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే లెక్కపెడుతూ కూర్చోవద్దు, బయలుదేరండి.

అపోహ: రాత్రంతా పరుగెడుతోంది, దీనికి నిద్రలేమి.

వాస్తవం: పిల్లి సంధ్యవేళల జీవి, మీరు లేవకముందే దానికి తెల్లవారుతుంది. పడుకునే ముందు పావుగంట బాగా ఆడించి, ఆ వెంటనే అన్నం పెట్టండి.

అపోహ: డల్‌గా ఉంటే కాస్త జ్వరం మందు వేసి చూడొచ్చు.

వాస్తవం: ఒక వేసవి మధ్యాహ్నం ఒక కుటుంబం నాలుగు నెలల కూనను తెచ్చింది. ముందురోజు నుంచి పడుకునే ఉందని, ఒళ్లు వేడిగా తగిలిందని, ఇంట్లో బాబుకు వాడే పారాసెటమాల్ చుక్కలు వేశామని ఆ ఇంటి అమ్మమ్మగారు చెప్పారు. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు గులాబీగానూ లేవు, పాలిపోయీ లేవు. చాక్లెట్ రంగులో ఉన్నాయి, ముఖం ఉబ్బి ఉంది. పారాసెటమాల్‌ను విరిచి బయటికి పంపే ఏర్పాటు పిల్లి కాలేయంలో చాలా బలహీనం, అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు మోయలేనిదిగా మార్చేస్తుంది. ఎన్-అసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు మందు ఎక్కించి, ఆక్సిజన్ పెట్టి, రెండు రాత్రులు కాచుకుంటే ఆ కూన బతికింది. పిల్లి ఒంటి వేడి ఆరోగ్యంగా ఉన్నప్పుడే 38.1 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్, మన చేతికి ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది. దానికి అసలు జ్వరమే లేకపోయి ఉండవచ్చన్నది నా అనుమానం. అమ్మమ్మగారికి ఆ మాట చెప్పలేదు.

ఆరు వారాల లోపు కూన వరుసగా రెండుసార్లు పాలు తాగకపోయినా, అంతకన్నా పెద్ద కూన 12 గంటలపాటు ఏమీ ముట్టకపోయినా, అది ఎన్ని గంటలు పడుకుందన్న లెక్క అక్కర్లేదు, ఫోన్ చేయండి. చేసే ముందు వయసు, బరువు, చివరిగా తిన్న వేళ, చిగుళ్ల రంగు చూసి పెట్టుకోండి. వీలైతే దాన్ని లేపుతూ ఒక నిమిషం వీడియో తీసి పంపండి. అది పడుకున్నప్పటి ఫోటోలే చాలామంది పంపుతారు, నిద్రపోయే పిల్లులన్నీ ఫోటోలో ఒక్కలాగే ఉంటాయి.